టర్న్‌డ్ ఇన్ అయింది సరే, వచ్చిందా?

మా చిన్నోడు నాలుగో తరగతి. నేను కలికిరిలో హాస్టల్లో, వాడు పుంగనూరు దగ్గర మా ఊర్లో. ప్రతి ఆదివారం రాత్రి అమ్మ నుంచి నాకొక స్క్రీన్‌షాట్ వస్తుంది. వాడి స్కూల్ వాళ్ల గూగుల్ క్లాస్‌రూమ్‌లో ఆ వారం హోంవర్కులన్నీ వరసగా ఉంటాయి, ఒక్కోదాని పక్కన "టర్న్‌డ్ ఇన్" అని ఉంటుంది. కింద అమ్మ వాయిస్ మెసేజ్: "అన్నీ పంపించేసినాం మే, ఒక్కటి గూడా మిగల్లేదు." నేను ఒక థంబ్స్ అప్ పెట్టి పడుకునేదాన్ని.

దసరా సెలవులకి ఇంటికి పోయినప్పుడు వాడితో ఊరికే మాట్లాడుతూ అడిగా, "42లో 17 తీసేస్తే ఎంత రా?" అని. నోట్‌బుక్ వెనక పేజీలో వేసి చూపించాడు. 35.

తొందరలో వేశాడేమో అనుకుని ఇంకోటి ఇచ్చా. 52లో 18. జవాబు 46 అన్నాడు. 70లో 34 ఇస్తే 44. మధ్యలో 58లో 23 ఇచ్చా, అది మాత్రం 35 అని కరెక్ట్‌గా చెప్పాడు.

"యాప్‌లో అన్నీ కరెక్ట్‌గా చేసినావు కదరా?" అంటే తల దించుకుని, "అమ్మ చెప్తే రాసినా అక్కా" అన్నాడు.

నాకు కోపం వచ్చి అమ్మను అడిగా. అమ్మ మిషన్ మీంచి లేవకుండానే చెప్పింది. "తప్పు లెక్క ఫోటో తీసి పంపిస్తే వాళ్ల మిస్సు ఏమనుకుంటాది? నువ్వే కదా మే చెప్పినావు, టర్న్‌డ్ ఇన్ అని పడాల, మిస్సింగ్ అని ఎర్రగా పడకూడదని."

నిజమే. జూన్‌లో ఆ యాప్ అమ్మ ఫోన్లో వేసిచ్చింది నేనే. ఫోటో ఎట్ల తీయాలి, ఎట్ల అప్‌లోడ్ చేయాలి, ఏ బటన్ నొక్కాలి అని రెండు రోజులు కూర్చోబెట్టి నేర్పించింది నేనే. లెక్క రాకపోతే ఏం చేయాలో మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు. సీఎస్ఈ చదువుతున్నాను కదా, యాప్ పని చేస్తే చదువు కూడా నడుస్తుందనుకున్నా.

ఈ ఆర్టికల్ అందుకే రాస్తున్నా. మనలో చాలామందికి ఇంట్లో తమ్ముడో, చెల్లో, మామ పిల్లలో ఉంటారు. వాళ్ల క్లాస్‌రూమ్ యాప్ సెట్ చేసేది మనమే. ఆ యాప్ ఏం చేయగలదు, ఏం చేయలేదు, మిగతాది మనం ఎట్ల పూరించాలి అన్నది నాకు అర్థమైనంత వరకు చెప్తాను. చిన్నప్పటి నుంచి ఇంగ్లీష్ మీడియం కాబట్టి నా తెలుగులో తప్పులుంటే క్లబ్ సీనియర్లు క్షమించాలి.

*35 ఎట్ల వచ్చింది?*

ముందు ఆ తప్పు సంగతి చూద్దాం. 42లో 17 తీసేటప్పుడు ఒకట్ల స్థానంలో 2లో నుంచి 7 పోదు. మావాడు ఏం చేశాడంటే, 7లో నుంచి 2 తీసేశాడు, 5 వచ్చింది. పదుల్లో 4లో నుంచి 1 తీస్తే 3. మొత్తం 35. మిగతా రెండూ అంతే. 52, 18లో 8లోంచి 2 తీసి 6, 5లోంచి 1 తీసి 4. 70, 34లో 4లోంచి 0, 7లోంచి 3. పైన ఏది ఉంది, కింద ఏది ఉంది అని చూడకుండా పెద్దదాంట్లోంచి చిన్నది తీసేయడమే వాడి రూల్.

అంటే వాడు అజాగ్రత్తగా చేయలేదు. ఒక తప్పు అల్గారిథమ్‌ను చాలా జాగ్రత్తగా, ప్రతిసారీ ఒకే విధంగా రన్ చేశాడు. మన భాషలో చెప్పాలంటే అది లాజిక్ ఎర్రర్. ఈ మాట నేను కనిపెట్టింది కాదు. 1978లో అమెరికాలో జాన్ సీలీ బ్రౌన్, రిచర్డ్ బర్టన్ అనే ఇద్దరు పరిశోధకులు పిల్లల తీసివేతల మీద ఒక పేపర్ రాశారు. పిల్లల తప్పుల్లో చాలావాటి వెనక ఒక స్థిరమైన పద్ధతి ఉంటుందని, ఆ పద్ధతిలో ఎక్కడో ఒక బగ్ ఉంటుందని చెప్పారు. దాని కోసం ఒక ప్రోగ్రామ్ కూడా తయారు చేశారు, పేరు బగ్గీ. అది తప్పు జవాబులిస్తుంది, వాటిని చూసి లోపల ఏ బగ్ ఉందో టీచర్ కనుక్కోవాలి. పెద్దదాంట్లోంచి చిన్నది తీసేయడం అనేది తీసివేతలో అందరికీ తెలిసిన బగ్గుల్లో ఒకటి.

ఇది తెలిశాక మార్కుల మీద నాకు అనుమానం వచ్చింది. పది తీసివేతల క్విజ్ ఇచ్చారనుకోండి. అందులో నాలుగింటికే పదుల స్థానం నుంచి తెచ్చుకోవాల్సిన అవసరం ఉంటే, ఈ బగ్ ఉన్న పిల్లాడికి కూడా పదికి ఆరు వస్తాయి. ఆరు చూసి మనం "పర్లేదు, ఇంకొంచెం ప్రాక్టీస్ చేయి" అంటాం. వాడు అదే తప్పును ఇంకొంచెం ప్రాక్టీస్ చేస్తాడు.

*యాప్‌కి ఏం తెలుసు?*

గూగుల్ క్లాస్‌రూమ్ 2014లో వచ్చింది. మొదట్లో స్కూల్ అకౌంట్లు ఉన్నవాళ్లకే ఉండేది, 2017 నుంచి మామూలు జీమెయిల్‌తో కూడా వాడుకోవచ్చు. అందులో మెయిన్‌గా ఉండేవి నాలుగు. టీచర్ ఏదైనా చెప్పడానికి స్ట్రీమ్, పనులు ఇవ్వడానికి క్లాస్‌వర్క్, ఎవరెవరు ఉన్నారో చూపించే పీపుల్, మార్కులు వేసుకునే గ్రేడ్స్. ప్రతి పనికీ ఒక గడువు. ప్రతి పిల్లాడికీ ఆ పని మీద ఒక స్టేటస్: అసైన్డ్, టర్న్‌డ్ ఇన్, మిస్సింగ్, రిటర్న్‌డ్.

డేటాబేస్ టేబుల్‌గా ఊహించుకోండి. పిల్లాడి ఐడీ, పని ఐడీ, గడువు తేదీ, స్టేటస్, మార్కులు. అంతే. "వీడికి స్థాన విలువ ఇంకా అర్థం కాలేదు" అని రాసుకోవడానికి అందులో కాలమ్ లేదు. స్కూల్ అకౌంట్లలో తల్లిదండ్రులకు రోజుకో వారానికో ఈమెయిల్ వచ్చే సౌకర్యం ఉంది. అది చెప్పేది కూడా ఏ పని మిస్సయింది, ఏ పని రాబోతోంది, క్లాసులో కొత్తగా ఏం పెట్టారు అన్నవే.

ఇది యాప్ తప్పు కాదు. అది పనులు ఇచ్చి పుచ్చుకోవడానికి కట్టిన వ్యవస్థ, ఆ పని బాగా చేస్తుంది. టీచర్ నలభై మంది నోట్‌బుక్కులు ఇంటికి మోసుకుపోనక్కర్లేదు. జ్వరం వచ్చి బడికి పోని పిల్లాడికి పాఠం అందుతుంది. కానీ అది తేదీల ప్రకారం నడుస్తుంది. సోమవారం తీసివేత, బుధవారం గుణకారం, శుక్రవారం భాగహారం. పిల్లాడు తీసివేత దగ్గరే ఆగిపోయినా క్యాలెండర్ మాత్రం ఆగదు. వాడు ఎక్కడ ఆగాడో పక్కన కూర్చున్న మనిషి చూసి చెప్పాల్సిందే. మా ఇంట్లో పక్కన కూర్చున్న మనిషిని నేను ఫోటోగ్రాఫర్‌ని చేసి పెట్టా.

*మన పక్కనే ఉన్న నిచ్చెన*

దీనికి జవాబు వెతుకుతుంటే నాకు దొరికింది మదనపల్లె దగ్గరే. రిషివ్యాలీ పేరు మనందరం విన్నాం. జిడ్డు కృష్ణమూర్తి గారు మదనపల్లెలో 1895లో పుట్టారని, ఆ స్కూల్ ఆయన ఆలోచనతో వచ్చిందని కూడా తెలుసు. కానీ ఆ పెద్ద స్కూల్ చుట్టుపక్కల పల్లెల్లో చిన్న చిన్న ఏకోపాధ్యాయ బడులు నడిచాయని, అక్కడ పుట్టిన పద్ధతి వేరే రాష్ట్రాలకూ, దేశాలకూ పోయిందని నాకు ఈ మధ్యే తెలిసింది. పద్మనాభరావు గారు, రమ గారు అనే దంపతులు 1980ల నుంచి ఈ పని మీద ఉన్నారు. రిషివ్యాలీలోని ఆ సంస్థను రివర్ అంటారు.

వాళ్ల ముందున్న సమస్య ఇది. ఒక గది, ఒక టీచర్, ఒకటి నుంచి ఐదు వరకు పిల్లలందరూ అందులోనే. ఒకడు పొలం పనికి పోయి పది రోజుల తర్వాత వస్తాడు. అందరికీ ఒకే పాఠం చెప్తే ఎవరికీ అందదు. అందుకని వాళ్లు పుస్తకాన్ని విడదీసి చిన్న చిన్న కార్డులు చేశారు. ఆ కార్డులన్నీ ఏ వరసలో చేయాలో చూపించే ఒక చార్ట్ గోడ మీద ఉంటుంది. దాన్నే లెర్నింగ్ ల్యాడర్, అంటే నేర్చుకునే నిచ్చెన అంటారు. కార్డుల మీద బొమ్మ గుర్తులు ఉంటాయి కాబట్టి ఇంకా చదవడం రాని పిల్ల కూడా తన మెట్టు ఏదో చూసుకుని, తన కార్డు తనే తీసుకుంటుంది.

ఒక్కో అంశానికి కొన్ని రకాల కార్డులు ఉంటాయి. మొదట కొత్త విషయం పరిచయం చేసేవి, తర్వాత సాధన చేయించేవి, ఆ తర్వాత వచ్చిందో లేదో చూసేవి. రాకపోతే మళ్లీ వేరే విధంగా నేర్పించే కార్డు, వచ్చేస్తే ఇంకొంచెం లోతుకి తీసుకెళ్లే కార్డు. రానివాడు కింద పడ్డట్టు కాదు, పక్క మెట్టు మీదుగా తిరిగి అక్కడికే వస్తాడు. పది రోజులు బడికి రాని పిల్లాడు వచ్చాక ఎక్కడ ఆపాడో అక్కడే మొదలుపెడతాడు. తేదీ లేదు, మిస్సింగ్ లేదు.

ఈ మొత్తం సరంజామాకి వాళ్లు పెట్టుకున్న పేరు "స్కూల్ ఇన్ ఎ బాక్స్". కర్ణాటకలో 1995లో మైసూరు జిల్లాలో మొదలైన నలి-కలి కార్యక్రమానికి, తర్వాత చెన్నై కార్పొరేషన్ బడుల్లో వచ్చిన యాక్టివిటీ బేస్డ్ లెర్నింగ్‌కి ఇదే ప్రేరణ.

డేటా స్ట్రక్చర్స్ చదివినవాళ్లకి ఇది వెంటనే తెలిసిపోతుంది. ఇది ఒక గ్రాఫ్. ప్రతి కార్డు ఒక నోడ్. పరీక్ష కార్డు దగ్గర ఒక ఇఫ్-ఎల్స్. ఎల్స్ వైపు పోయిన బాణం ఒక చుట్టు తిరిగి వెనక్కి వస్తుంది. సర్వర్ లేదు, లాగిన్ లేదు, అట్టముక్కలు, ఒక గోడ అంతే. అయినా "ఈ పిల్లాడు ఇప్పుడు ఎక్కడున్నాడు" అనే ప్రశ్నకి అక్కడ జవాబు ఉంది. నా ఫోన్లో ఉన్న యాప్‌లో లేదు.

*మన దగ్గరికి వచ్చిన తెరలు*

మన ప్రాంతానికి కంప్యూటర్ చదువు కొత్తేమీ కాదు. 2002లోనే కుప్పంలో హెచ్‌పీ కంపెనీ, అప్పటి రాష్ట్ర ప్రభుత్వం కలిసి ఐ-కమ్యూనిటీ అని మూడేళ్ల ప్రాజెక్టు మొదలుపెట్టాయి. ఊర్లలో సమాచార కేంద్రాలు పెట్టారు. మనం పుట్టకముందే కుప్పం పల్లెల్లో ఇంటర్‌నెట్ చూసినవాళ్లు ఉన్నారన్నమాట.

తర్వాత 2017 సెప్టెంబర్ 5న అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్య నాయుడు గారు దీక్ష ప్లాట్‌ఫామ్‌ను ప్రారంభించారు. 2020లో బడులు మూసేసినప్పుడు దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు వచ్చాయి. మనలో చాలామంది అప్పుడు చిన్న క్లాసుల్లోనే ఉన్నాం, టీవీ ముందు నోట్‌బుక్ పెట్టుకుని కూర్చున్నది గుర్తుండే ఉంటుంది. 2022 డిసెంబర్ 21 నుంచి ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులు ఇచ్చారు, నెట్ లేకపోయినా చూసుకునేలా పాఠాలు ముందే అందులో వేసి.

ఫోన్లు కూడా పెరిగాయి. అసర్ సర్వే ప్రకారం దేశంలో బడికిపోయే గ్రామీణ పిల్లల్లో ఇంట్లో స్మార్ట్‌ఫోన్ ఉన్నవాళ్లు 2018లో 36.5 శాతం, 2020లో 61.8 శాతం. రెండేళ్లలో అంత తేడా. అంటే తెర ఇంటిదాకా వచ్చేసింది. తెర పక్కన ఎవరు కూర్చుంటారు, కూర్చుని ఏం చేస్తారు అన్నదే ఇప్పుడు మన చేతిలో ఉన్న ప్రశ్న.

*మా ఇంట్లో మేం చేసింది*

మిగిలిన సెలవుల్లో మేం చేసింది వరసగా చెప్తాను. మీ ఇంట్లో కూడా ఒక ఆదివారం చాలు, మొదలుపెట్టడానికి.

మొదటిది, పిల్లాడు ఎక్కడున్నాడో చూడడం. దీనికి పెద్ద పరీక్ష అక్కర్లేదు. ప్రథమ్ సంస్థ 2005 నుంచి చేస్తున్న అసర్ సర్వేలో వాడే పద్ధతి చాలా సింపుల్. చదవడంలో అక్షరాలు, మాటలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ. లెక్కల్లో 1 నుంచి 9 అంకెలు గుర్తుపట్టడం, రెండంకెల సంఖ్యలు, తెచ్చుకోవాల్సిన తీసివేత, మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించడం. ఎక్కడ ఆగితే అదే వాడి మెట్టు. మావాడితో పాటు పక్కింటి పాపను, మా మామ కొడుకును కూడా కూర్చోబెట్టా. ముగ్గురూ నాలుగో తరగతే. పాప భాగహారం వరకు వచ్చేసింది, కానీ తెలుగు కథ దగ్గర తడబడింది. మామ కొడుకు రెండంకెల సంఖ్యల దగ్గరే ఆగాడు, 47ని 74 అన్నాడు. ఒకే క్లాసు, మూడు మెట్లు. ఒక చిన్న జాగ్రత్త: ఇది పరీక్ష అని చెప్పొద్దు. మామ కొడుకు ఆ మాట వినగానే నీళ్లు తాగడానికని వెళ్లి మళ్లీ రాలేదు. వెతికి తెచ్చుకోవాల్సి వచ్చింది.

రెండోది, అదే క్లాస్‌రూమ్‌ను వేరే విధంగా వాడడం. నా జీమెయిల్‌తో ఒక క్లాస్ తెరిచా. పదమూడేళ్ల లోపు పిల్లలు సొంతంగా గూగుల్ అకౌంట్ తెరవకూడదు, ఫ్యామిలీ లింక్ ద్వారా పెద్దవాళ్లే తెరవాలి. మేం ఆ గొడవ లేకుండా అమ్మల అకౌంట్లతోనే చేర్చాం. పని ఇచ్చేటప్పుడు "ఆల్ స్టూడెంట్స్" అని ఉండే చోట నొక్కితే ఒక్క పిల్లాడినే ఎంచుకోవచ్చు. చాలామంది ఆ బటన్ ముట్టుకోరు. మూడు మెట్ల మీద ఉన్న ముగ్గురికి మూడు పనులు ఇవ్వడానికి అది చాలు. గడువు తేదీ అసలు పెట్టలేదు. గడువు లేకపోతే మిస్సింగ్ అని పడదు.

మూడోది, గూగుల్ ఫారమ్స్‌తో చిన్న నిచ్చెన. ఫారమ్‌లో ఆప్షన్లున్న ప్రశ్న పెట్టి, మూడు చుక్కల మెనూలో "గో టు సెక్షన్ బేస్డ్ ఆన్ ఆన్సర్" ఎంచుకోవచ్చు. 42లో 17 తీస్తే ఎంత అని అడిగి, 25 నొక్కితే తర్వాత మెట్టుకి పంపించా. 35 నొక్కితే వేరే సెక్షన్‌కి పోతుంది, అక్కడ ఒక బొమ్మ, చిన్న వీడియో, మళ్లీ అలాంటిదే ఇంకో లెక్క. తప్పు ఆప్షన్లు ఏవో ఊరికే పెట్టకుండా, ఏ బగ్ ఉంటే ఏ జవాబు వస్తుందో ఆలోచించి పెట్టాలి. అప్పుడు జవాబే మనకి బగ్ పేరు చెప్తుంది. కోడ్ ఒక్క లైన్ రాయలేదు.

నాలుగోది, పాఠం కోసం యూట్యూబ్‌లో వెతికే బదులు దీక్ష. మన రాష్ట్ర పాఠ్యపుస్తకాల్లో క్యూఆర్ కోడ్ ఉంటుంది, దాని కింద ఆరు అక్షరాల కోడ్ కూడా. కెమెరా సరిగ్గా పని చేయకపోతే ఆ ఆరూ టైప్ చేయొచ్చు. డౌన్‌లోడ్ చేసి పెట్టుకుంటే తర్వాత నెట్ అక్కర్లేదు. అమ్మ ఫోన్‌కి రోజుకి 1.5 జీబీ, అది సాయంత్రానికి అయిపోతుంది. అందుకని పొద్దున్నే డౌన్‌లోడ్ చేసుకోవడం అలవాటు చేసుకున్నాం.

ఐదోది నేను కలిపింది కాదు, అమ్మ కలిపింది.

*చిల్లర*

మావాడికి ఇంగ్లీష్‌లో "బారో" అని నేర్పించారు. నేను కూడా అదే మాటతో చెప్తున్నా. "టెన్స్ ప్లేస్ నుంచి వన్ బారో చేసుకో రా." వాడికి అర్థం కాలేదు. బారో అంటే అప్పు కదా, అప్పు తీసుకుంటే తిరిగి ఇవ్వాలి కదా, ఎప్పుడు ఇస్తాం అని అడిగాడు. నాకు జవాబు దొరకలేదు. పంతొమ్మిదేళ్లుగా ఆ మాట వాడుతున్నా, ఎప్పుడూ ఆలోచించలేదు.

పక్కింటి పాప గవర్నమెంట్ బడి పుస్తకం తెచ్చింది. 2020-21 నుంచి వచ్చిన పుస్తకాల్లో ఒకవైపు ఇంగ్లీష్, ఎదురు పేజీలో అదే పాఠం తెలుగులో ఉంటుంది. అమ్మ మిషన్ ఆపి, ఆ తెలుగు పేజీ తీసుకుని చదివింది. అమ్మ ఏడో తరగతి వరకు చదివింది, తెలుగు మీడియం. ఇన్ని రోజులు మావాడి ఇంగ్లీష్ పుస్తకం ముట్టుకోలేదు, తనకి రాదని. పేజీ చదివి, "ఓస్, చిల్లర మార్చుకునేదే కదా" అంది.

అమ్మ జాకెట్లు కుడుతుంది. చిల్లర వేసుకునే పాత డబ్బా ఒకటి మిషన్ పక్కనే ఉంటుంది. అందులోంచి నాలుగు పది రూపాయల నోట్లు, రెండు రూపాయి బిళ్లలు తీసి మావాడి ముందు పెట్టింది. "ఇది నలభై రెండు. నాకు పదిహేడు ఇయ్యి." వాడు ఒక పది ఇచ్చాడు. ఏడు రూపాయలు కావాలి, చేతిలో రెండే బిళ్లలు. ఆగిపోయాడు. కాసేపు చూసి, ఒక పది నోటు డబ్బాలో వేసి పది బిళ్లలు తీసుకున్నాడు. ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు పన్నెండు బిళ్లలు. ఏడు ఇచ్చాడు. మిగిలినవి ఎంచుకున్నాడు. రెండు నోట్లు, ఐదు బిళ్లలు.

"ఇరవై ఐదు," అన్నాడు. తర్వాత నోట్‌బుక్‌లో తను వేసిన 35 చూసి నవ్వాడు.

అప్పు కాదు, చిల్లర. తిరిగి ఇవ్వాల్సిన పని లేదు, ఎందుకంటే డబ్బు ఎక్కడికీ పోలేదు, ఒక పది పది ఒకట్లుగా మారిందంతే. స్థాన విలువ అంటే ఇంతకంటే ఏముంది? నేను ఫారమ్‌లో పెట్టుకున్న వీడియో తీసేసి, అమ్మ చేతులు, డబ్బా కనిపించేలా ఫోన్లో రికార్డ్ చేసి అది పెట్టా. ఇప్పుడు 35 నొక్కిన ఎవరికైనా మా అమ్మ చిల్లర ఇస్తుంది.

నేను యాప్ వేసిచ్చినప్పటి నుంచి అమ్మ రోజూ వాడి పక్కన అరగంట కూర్చునేది. ఆ అరగంటా ఫోటో వెలుతురు సరిపోయిందా, అప్‌లోడ్ అయిందా అని చూడ్డానికే పోయింది. చెప్పగలిగిన మనిషి పక్కనే ఉంది. నువ్వు చెప్పొచ్చు అని ఆమెకి నేను చెప్పలేదు.

*వారానికి ఒక ఫోన్ కాల్*

సెలవులు అయిపోయాయి, కలికిరి వచ్చేశా. ఇప్పుడు బుధవారం సాయంత్రం వాడికి పదిహేను నిమిషాలు ఫోన్ చేస్తా, మామూలు కాల్. ఒక లెక్క చెప్తా, వాడు నోటితో ఎట్ల చేస్తున్నాడో చెప్పాలి. జవాబు కన్నా "ఎట్ల చేసినావు" అన్నదే ముఖ్యం, బగ్ అక్కడే దొరుకుతుంది.

ఇంత చిన్న పని వల్ల ఏమవుతుందిలే అనుకోకండి. 2020లో బడులు మూసేసినప్పుడు ఆఫ్రికాలోని బోట్స్‌వానాలో దాదాపు 4,500 కుటుంబాలతో ఒక ప్రయోగం చేశారు. కొందరికి వారానికోసారి ఎస్సెమ్మెస్‌లో లెక్కలు పంపించారు. కొందరికి ఎస్సెమ్మెస్‌తో పాటు పదిహేను ఇరవై నిమిషాల ఫోన్ కాల్ కూడా, తల్లిదండ్రుల్ని పక్కన పెట్టుకుని. ఒట్టి ఎస్సెమ్మెస్‌ల వల్ల చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. కాల్ కూడా కలిసినచోట పిల్లల లెక్కలు మెరుగయ్యాయి. స్మార్ట్‌ఫోన్ కూడా అక్కర్లేదు. పంపించడం ఒకటి, మాట్లాడడం ఒకటి అని నాకు అక్కడ అర్థమైంది.

దీనికి పరిమితులు లేవని చెప్పను. మా ఇంట్లో స్మార్ట్‌ఫోన్ ఒక్కటే. అది నాన్న పట్టుకుని మార్కెట్‌కి పోతే ఆ రోజు ఫారమ్ లేదు, డబ్బా ఒక్కటే. మామ కొడుకు రెండు వారాలుగా ఏమీ తెరవలేదు, వాడికి ఫోన్ కన్నా మనిషే కావాలి, నేనక్కడ లేను. స్కూల్ క్లాస్‌రూమ్ దాని తేదీల ప్రకారం అది నడుస్తూనే ఉంది, మావాడు అక్కడ గుణకారాలు పంపించాలి, ఇక్కడ తీసివేతలు నేర్చుకోవాలి. రెండూ చేయడం వాడికి బరువే. అందుకే అమ్మతో ఒక ఒప్పందం చేసుకున్నాం: స్కూల్ పని వాడికి వచ్చినంతే చేస్తాడు, తప్పైతే తప్పుగానే ఫోటో పోతుంది. కింద ప్రైవేట్ కామెంట్‌లో "ఇది వీడికి ఇంకా రావడం లేదు మేడం" అని రాస్తుంది. ఆ కామెంట్ టీచర్‌కి మాత్రమే కనిపిస్తుంది, మిగతా పిల్లలకి కనపడదు. మొదటిసారి ఆ మాట టైప్ చేయడానికి అమ్మకి చాలాసేపు పట్టింది. ఏమనుకుంటారో అని. ఆ టీచర్ మరుసటి రోజే "థాంక్స్ అమ్మా, నేను చూస్తాను" అని రిప్లై ఇచ్చారు.

మొన్న ఆదివారం రాత్రి అమ్మ నుంచి ఎప్పటిలాగే మెసేజ్ వచ్చింది. ఈసారి స్క్రీన్‌షాట్ కాదు, నోట్‌బుక్ పేజీ ఫోటో. ఎనిమిది తీసివేతలు, ఏడు కరెక్ట్. ఎనిమిదోది 300లో 164. జవాబు 236 అని ఉంది.

చూడగానే తెలిసింది. సున్నా దగ్గర చిల్లర లేదు కాబట్టి దాన్ని 9 చేసుకున్నాడు, కానీ పక్కనున్న 3ని 2 చేయడం మర్చిపోయాడు. వంద నోటు మార్చుకుని, మళ్లీ ఆ వంద జేబులోనే ఉందనుకున్నాడు. కొత్త బగ్. అమ్మ దాన్ని దిద్దకుండా పంపించింది.

ఈసారి థంబ్స్ అప్ పెట్టి పడుకోలేదు. "డబ్బాలో వంద నోట్లు ఉన్నాయా మా?" అని అడిగా.

"యాడున్నాయి మే, నువ్వొచ్చేటప్పుడు తీసుకురా," అంది.